హాస్టల్లో నాలుగు పాజిటివ్‌లు: ఐసోలేషన్, క్వారంటైన్ ఎలా నడపాలి?

కొత్త వార్డెన్ | సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఈ ఏడాదే వార్డెన్‌గా చేరాను. మొత్తం 240 మంది పిల్లలు, ఎనిమిది డార్మిటరీలు, ఒక్కోదాంట్లో 30 మంచాలు. నిన్న సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లాడికి జ్వరం, గొంతు నొప్పి వచ్చాయి. ర్యాపిడ్ టెస్టు చేయిస్తే కోవిడ్ పాజిటివ్. ఇవాళ అదే డార్మిటరీలో ఇంకో ముగ్గురికి వచ్చింది. నలుగురూ బాగానే ఉన్నారు, జ్వరం 101 దాటలేదు.

మాకున్నది రెండు మంచాల సిక్ రూమ్ ఒక్కటే. ఆ నలుగురినీ ఒక ఖాళీ క్లాస్‌రూమ్‌లోకి మార్చాం. మిగతా 26 మందీ అదే డార్మిటరీలో ఉన్నారు. వాళ్లను ఏం చేయాలో పాలుపోవడం లేదు. ఆరోగ్య శాఖకు ఫోన్ చేశాం. పిల్లల్ని విడిగా ఉంచండి, రేపు మనిషిని పంపుతాం అన్నారు. విడిగా అంటే ఎవరిని, ఎన్ని రోజులు, ఏ గదిలో? 2020, 2021లో ఈ పని చేసినవాళ్లు ఇక్కడ ఉంటే దయచేసి చెప్పండి. తల్లిదండ్రుల ఫోన్లు ఆగడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రి డ్యూటీ నర్సు | సోమవారం, రాత్రి 10:42

వార్డెన్ గారూ, నేను ఆరేళ్లు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో నర్సుగా చేశాను. కోవిడ్ కాలమంతా అక్కడే ఉన్నాను. ఈ రాత్రికి మీరు చేయాల్సింది ఒకటే, గదులు మూడు రకాలుగా విడదీయండి. రెండు కాదు, మూడు.

పాజిటివ్ అని తేలినవాళ్లది ఒక గది. వాళ్లు కలిసి ఉండొచ్చు. జ్వరమో దగ్గో ఉండి టెస్టు ఫలితం ఇంకా రానివాళ్లు, మొదటి టెస్టు నెగటివ్ వచ్చినా అనుమానం తీరనివాళ్లు వేరే చోట ఉండాలి. వీలైతే ఒక్కొక్కరికి ఒక్కో గది. వీళ్లను మాత్రం పాజిటివ్ గదిలో కలపొద్దు. మా దగ్గర మొదటి వారం ఈ తప్పే జరిగింది. మామూలు జలుబుతో వచ్చిన ఇద్దరు పిల్లల్ని గదులు చాలక పాజిటివ్ పిల్లల దగ్గర పడుకోబెట్టాం. నాలుగో రోజుకు ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. మనమే తీసుకెళ్లి అంటించినట్టయింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

మూడోది, ఏ లక్షణమూ లేకుండా పాజిటివ్ పిల్లల పక్కన పడుకున్నవాళ్లది. అంటే మీ 26 మంది. వాళ్లది క్వారంటైన్, పాజిటివ్ పిల్లలది ఐసోలేషన్. ఈ రెండూ ఒకటే అనుకుని అందరినీ ఒకే హాల్లో వేస్తే పని చెడుతుంది.

ఆ 26 మందినీ ఒకే గుంపుగా ఉంచకండి. ఐదారుగురు చొప్పున విడదీసి వేర్వేరు గదుల్లో పడుకోబెట్టండి. ఎవరి మంచం పక్కన ఎవరి మంచం ఉందో చూసుకుని, పక్కపక్కనున్నవాళ్లను ఒకే గుంపులో వేయండి. ఎందుకంటే రేపు వాళ్లలో ఒకరికి వస్తే, ఆ గుంపుకే రోజుల లెక్క మళ్లీ మొదలవుతుంది, 26 మందికీ కాదు.

మీరు గానీ నర్సు గానీ గదులు తిరిగేటప్పుడు ముందు క్వారంటైన్ పిల్లలు, తర్వాత అనుమానం ఉన్నవాళ్లు, చివర పాజిటివ్ గది. ఈ వరుస తప్పొద్దు. పాజిటివ్ గదిలో ఎన్95 మాస్కు పెట్టుకోండి. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంకో సంగతి. పిల్లల పెట్టెల్లో జ్వరం బిళ్లలు ఉంటాయి. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అమ్మానాన్నలు ప్రేమతో సర్ది పంపుతారు. పొద్దున జ్వరం చూస్తారని తెలిసి పిల్లలు ముందే ఒకటి మింగేస్తారు. థర్మామీటర్‌లో ఏమీ కనిపించదు. పెట్టెలు సోదా చేయడం కాదు, మెల్లగా అడగండి.

ఇద్దరు పిల్లల అమ్మ | సోమవారం, రాత్రి 11:05

నా పెద్దబ్బాయి హాస్టల్లోనే చదువుతున్నాడు, మీ స్కూల్ కాదు. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట చెబుతాను. మాకు కోపం రోగం వచ్చినందుకు కాదండీ, సంగతి మా పిల్లాడి స్నేహితుడి అమ్మ ద్వారా తెలిసినందుకు. 2021లో మాకు అలాగే జరిగింది. మూడు రోజులు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫోన్ చేస్తే 'అంతా బాగుంది' అనేవారు.

ఈ రాత్రే అందరికీ ఒకే మెసేజ్ పంపండి. ఎంతమందికి వచ్చింది, ఏ డార్మిటరీ, ఏం చేస్తున్నారు, మళ్లీ ఎప్పుడు చెబుతారు. పిల్లల పేర్లు వద్దు. రోజూ ఒకే టైముకి, చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా సరే, ఆ మెసేజ్ వస్తే మేం పదిసార్లు ఫోన్ చేయం. ఐసోలేషన్‌లో ఉన్న పిల్లలతో మాత్రం రోజూ మాట్లాడించండి. వీడియో కాల్ అయితే ఇంకా మంచిది. పిల్లాడి మొహం చూస్తే సగం భయం పోతుంది.

పిల్లల డాక్టర్ | మంగళవారం, ఉదయం 6:30

రాత్రి చూడలేకపోయాను. నర్సు గారు చెప్పిన మూడు గదుల పద్ధతి సరైనది. మీ ఆరోగ్య శాఖ వాళ్లు ఇచ్చే సూచనే మీకు ముఖ్యం. దాంతోపాటు ఇవి చూసుకోండి.

రోజుల లెక్క ఇలా వేయాలి. లక్షణాలు మొదలైన రోజు సున్నా, మర్నాడు ఒకటి. లక్షణాలు లేకపోతే టెస్టు పాజిటివ్ వచ్చిన రోజు సున్నా. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పిల్లాడు ఇతరులకు అంటించగలడు. కాబట్టి ఆదివారం జ్వరం వచ్చిన పిల్లాడు శుక్రవారం నుంచి ఎవరితో తిన్నాడు, ఎవరితో ఆడాడు అన్నది అడగండి.

ఎన్ని రోజులన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 2020లో క్వారంటైన్ 14 రోజులు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 డిసెంబర్‌లో ఐసోలేషన్‌ను 10 నుంచి 5 రోజులకు తగ్గించింది. 2024 మార్చి నుంచి, మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, మిగతా లక్షణాలు తగ్గుముఖం పడితే బయటికి రావచ్చు, తర్వాతి 5 రోజులు మాస్కు లాంటి జాగ్రత్తలు పాటించాలి అంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో లక్షణాలున్నవాళ్లకు 10 రోజులు, లేనివాళ్లకు 5 రోజులు అంది. యాంటీజెన్ టెస్టు, అంటే మీరు చేయించిన ర్యాపిడ్ టెస్టు లాంటిది, నెగటివ్ వస్తే ముందే వదలొచ్చంది.

ఇవన్నీ ఎక్కువగా ఇంట్లో ఉండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. డార్మిటరీ అంటే మాస్కు లేకుండా 30 మంది ఎనిమిది గంటలు ఒకే గాలి పీల్చే చోటు. అందుకే నేనైతే కొంచెం గట్టిగా ఉంటాను. కనీసం 5 రోజులు పూర్తవాలి, మందు లేకుండా 24 గంటలు జ్వరం ఉండకూడదు, 48 గంటల తేడాతో రెండు యాంటీజెన్ టెస్టులు నెగటివ్ రావాలి. అప్పుడే డార్మిటరీ మంచం. లేదంటే 10 రోజులు. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్టుతో మాత్రం తేల్చకండి. తగ్గిపోయాక కూడా అది వారాల తరబడి పాజిటివ్ చూపించగలదు. పిల్లాడు అనవసరంగా గదిలో ఉండిపోతాడు.

ఆ 26 మందికి ఈరోజు ఒక టెస్టు, మూడో రోజు ఒకటి, ఐదో రోజు ఒకటి. పాజిటివ్ పిల్లలతో చివరిసారి కలిసిన రోజు సున్నా. ఒమిక్రాన్ రకాల్లో చాలామందికి మూడు రోజుల దగ్గర్లోనే బయటపడుతుంది. ఐదో రోజు నెగటివ్ వస్తే వదలొచ్చు, పదో రోజు దాకా మాస్కు ఉంచండి. నిద్రలో మాస్కు వద్దు.

ఇప్పుడు అసలు భయపడాల్సినవి. ఊపిరి వేగంగా తీసుకోవడం, ఐదేళ్లు దాటిన పిల్లల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 30 దాటితే. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య లోపలికి గుంజుకోవడం. పెదాలు నీలంగా మారడం. ఛాతీ నొప్పి. లేపినా సరిగ్గా లేవకపోవడం. నీళ్లు కూడా తాగలేకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం. ఆక్సిజన్ 94 కంటే తక్కువ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొద్దున చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పల్స్ ఆక్సీమీటర్ పెట్టే ముందు పిల్లాణ్ణి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వేలు చల్లగా ఉన్నా, గోరుకు రంగు ఉన్నా లెక్క తప్పుతుంది. ముదురు రంగు చర్మం ఉన్న పిల్లల్లో అసలు కంటే ఎక్కువ చూపించే వీలుంది. అంకె బాగానే ఉన్నా పిల్లాడు ఆయాసపడుతుంటే పిల్లాణ్ణే నమ్మండి.

జ్వరానికి పారాసిటమాల్, బరువును బట్టి: ఒక్క డోసుకు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకు డోసుకు మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు డోసులు దాటొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు అసలు ఇవ్వొద్దు. వైరల్ జ్వరంలో అది మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదం తేగలదు. ఆస్తమా పిల్లల ఇన్‌హేలర్లు ఆపొద్దు. నెబ్యులైజర్ బదులు, స్పేసర్ అనే గొట్టం తగిలించి ఇన్‌హేలర్ వాడండి. ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్న పిల్లల జాబితా ఈ ఉదయమే తీసి పెట్టుకోండి.

కొత్త వార్డెన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అందరికీ చాలా కృతజ్ఞతలు. నర్సు గారు చెప్పినట్టు 26 మందినీ ఐదు గుంపులు చేసి ఐదు క్లాస్‌రూముల్లో పెట్టాం. మొదటి టెస్టులో అందరికీ నెగటివ్. ఆరోగ్య శాఖ నుంచి వచ్చినావిడ కూడా గదులు చూసి బాగుందన్నారు. అమ్మ గారు చెప్పిన మెసేజ్ పంపాం, ఫోన్లు నిజంగానే తగ్గాయి.

ఇద్దరు తల్లిదండ్రులు మాత్రం పిల్లల్ని ఇంటికి పంపేయమంటున్నారు. స్కూలే మూసేసి అందరినీ పంపేస్తే నయం కదా అని మా టీచర్లలోనూ కొందరు అంటున్నారు. ఏం చేయాలి?

లెక్కల టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

పంపేయడం మీద నా అభిప్రాయం చెప్పేముందు ఒక లెక్క చూడండి. 1978 జనవరిలో ఇంగ్లండ్‌లోని ఒక బాలుర బోర్డింగ్ స్కూల్లో ఫ్లూ వచ్చింది. అది కోవిడ్ కాదు, కానీ భవనం మీలాంటిదే. 763 మంది పిల్లలు. ఏ రోజుకారోజు మంచం మీదున్నవాళ్లు వరుసగా 3, 8, 26, 76, 225, ఆరో రోజుకు 298. రెండు వారాలు తిరిగేసరికి మొత్తం 512 మందికి వచ్చి పోయింది. అంటువ్యాధుల లెక్కలు నేర్చుకునే ప్రతివాళ్లూ ఈ అంకెలతో ఒకసారైనా కుస్తీ పడతారు. నేను పిల్లలకు ఇదే బోర్డు మీద వేసి చూపిస్తాను. నాలుగో రోజుకు 76 అంటే పర్వాలేదనిపిస్తుంది. ఆరో రోజుకు దాదాపు నాలుగింతలు.

కోవిడ్‌లో రెండు ఉదాహరణలు చెబుతాను. రెండూ 2020 వేసవివే, రెండూ అమెరికాలో పిల్లలు రాత్రిళ్లు ఉండే క్యాంపులే. జార్జియా రాష్ట్రంలోని క్యాంపులో 597 మంది. వచ్చేముందు టెస్టు చేయించుకున్నారు, కానీ అది 12 రోజుల ముందుదైనా ఒప్పుకున్నారు. పిల్లలకు మాస్కు తప్పనిసరి కాదు, క్యాబిన్ల కిటికీలు తెరవలేదు, రోజూ అందరూ గట్టిగా పాడారు, కేరింతలు కొట్టారు. ఫలితాలు దొరికిన 344 మందిలో 260 మందికి పాజిటివ్. మెయిన్ అనే రాష్ట్రంలో నాలుగు క్యాంపుల్లో కలిపి 1,022 మంది. అక్కడ ముందే ఇంట్లో క్వారంటైన్, రాకముందొక టెస్టు, వచ్చాక కొన్ని రోజులకు ఇంకో టెస్టు, పిల్లల్ని గుంపులుగా విడగొట్టడం, మాస్కులు. లోపలికి వచ్చాక ముగ్గురికి బయటపడింది. వాళ్లను వేరుగా పెట్టారు, వాళ్ల గుంపులను క్వారంటైన్ చేశారు. ఆ ముగ్గురి నుంచి ఇంకెవరికీ రాలేదు.

తేడా మూసేయడంలో లేదు, గుంపుల్లో ఉంది. మీరిప్పుడు చేసింది అదే. అందరినీ ఒక్కసారి బస్సులెక్కిస్తే ఆ బస్సే కొత్త డార్మిటరీ అవుతుంది.

ఇద్దరు పిల్లల అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:50

లెక్కల టీచర్ గారూ, అంకెలు సరే. కానీ జ్వరంతో ఉన్న పదేళ్ల పిల్లకి తల్లి పక్కన ఉండాలనిపిస్తుంది. తల్లికీ అంతే. అడిగిన తల్లిదండ్రుల్ని కాదనడం నాకు న్యాయంగా అనిపించదు.

పిల్లల డాక్టర్ | మంగళవారం, సాయంత్రం 4:10

ఇద్దరూ చెప్పేది నిజమే. నా మట్టుకు నేను అడ్డుచెప్పను, కొన్ని షరతులు పెడతాను. సొంత వాహనంలో, కిటికీలు తెరిచి, మాస్కులతో తీసుకెళ్లాలి. బస్సు, రైలు వద్దు. ఇంట్లో ముసలివాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు ఉంటే పిల్లాడికి వేరే గది ఉందా అని అడగండి. లేకపోతే పిల్లాడు హాస్టల్లో ఉండటమే వాళ్ల ఇంటికి మేలని నెమ్మదిగా చెప్పండి. దూరంగా ఉన్నవాళ్లు, ఇంట్లో చూసుకునేవాళ్లు లేనివాళ్లు ఎలాగూ ఉండిపోతారు. వాళ్లకు 'మమ్మల్ని ఎవరూ తీసుకెళ్లలేదు' అనిపించకుండా చూసుకోండి.

మెస్ సూపర్వైజర్ | మంగళవారం, సాయంత్రం 6:45

వంటవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర 2022లో రెండోసారి కేసులు వచ్చినప్పుడు మొదలైంది పిల్లల నుంచి కాదు, వడ్డించే కుర్రాడి నుంచి. వాడికి మూడు రోజులుగా దగ్గు. చెబితే ఆ రోజుల జీతం పోతుందని చెప్పలేదు. తప్పు వాడిదనను. రోజుకూలి మీద బతికేవాడు ఏం చేస్తాడు? తర్వాత మా యాజమాన్యం జబ్బు చేస్తే జీతంతో సెలవు అని కాగితం మీద రాసి గోడకు అంటించింది. ఆ వారమే ఇద్దరు తమంతట తామే వచ్చి ఒళ్లు బాగాలేదన్నారు.

మెస్‌లో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. తినేటప్పుడు మాస్కు ఉండదు, మాటలు ఆగవు. డార్మిటరీ వారీగా పంపండి, ఎదురెదురుగా కాకుండా ఒకవైపే కూర్చోబెట్టండి, వీలైతే ఆరుబయట. పాజిటివ్ గది గిన్నెలకు ప్రత్యేకమైన మందేమీ అక్కర్లేదు, వేడినీళ్లు, సబ్బు చాలు. బట్టలూ అంతే, దులపకుండా నేరుగా ఉతకాలి.

పాత విద్యార్థిని | మంగళవారం, రాత్రి 9:30

నేను డాక్టర్‌ని కాదు, టీచర్‌ని కాదు. 2021లో తొమ్మిదో తరగతిలో హాస్టల్లో ఐసోలేషన్‌లో ఉన్న అమ్మాయిని. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

నాకు పాజిటివ్ రాగానే లైన్లో నుంచి పేరు పెట్టి పిలిచి అందరి ముందూ పక్కకు నిలబెట్టారు. ఒక ఖాళీ ల్యాబ్‌లో ముగ్గురం. బయట గొళ్లెం పెట్టేవారు, పిల్లలు బయట తిరుగుతారని. భోజనం తలుపు దగ్గర పెట్టి, కొట్టి, పరుగెత్తేవారు. మొదటి రాత్రి మాకు బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వస్తే తలుపు కొట్టీ కొట్టీ ఏడ్చాం. నాకు నెలసరి వచ్చింది, ప్యాడ్లు కావాలని కిటికీలోంచి అరిచి అడగాల్సి వచ్చింది. జ్వరం రెండు రోజుల్లో పోయింది. ఆ గది నా మనసులో చాలాకాలం ఉండిపోయింది. బయటికి వచ్చాక కూడా నెల రోజులు నా మంచం పక్క మంచం ఖాళీగానే ఉంది.

మళ్లీ ఏడాదికి నాకు గొంతు నొప్పి వచ్చింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ అందరితో కలిసి తిన్నాను, పడుకున్నాను. అది కోవిడ్ అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ చెప్పి ఉంటే మళ్లీ ఆ గదేనని భయం.

సార్, మీ గదికి బయట గొళ్లెం ఉందా? ఉంటే దయచేసి తీసేయండి. లోపల ఒక గడియారం, ఒక గంట లేదా ఫోన్, పుస్తకాలు పెట్టండి. రాత్రి లైటు ఒకటి వెలుగుతూ ఉండాలి. ఎవరో ఒక పెద్దవాళ్లు రోజుకు రెండుసార్లు కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడాలి, జ్వరం ఎంత అని కాకుండా మామూలు మాటలు.

రాత్రి డ్యూటీ నర్సు | మంగళవారం, రాత్రి 9:55

అమ్మా, చదువుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ప్యాడ్ల సంగతి నేను రాయాల్సింది, మర్చిపోయాను. అమ్మాయిల గదిలో అడగకుండానే ముందే పెట్టి ఉంచాలి. వార్డెన్ గారూ, గొళ్లెం విషయం అగ్ని ప్రమాదం లెక్కన చూసినా చాలా తప్పు. లోపల పిల్లలుండగా బయట తాళం పడకూడదు.

కొత్త వార్డెన్ | బుధవారం, రాత్రి 8:40

గొళ్లెం ఉండేది. నిన్న రాత్రే ఊడదీయించాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం చెప్పాలి.

ఇవాళ పొద్దున అసెంబ్లీ బదులు నేనే ఒక్కో డార్మిటరీకి వెళ్లి తలుపు దగ్గర నిలబడి మాట్లాడాను. ఒళ్లు బాగాలేదని చెబితే ఎవరినీ ఏమీ అనం, మీ మంచం మీకే ఉంటుంది, ఆ గదిలో తలుపు తెరిచే ఉంటుంది, రోజూ ఇంటికి వీడియో కాల్ ఉంటుంది, పోయిన పరీక్ష మళ్లీ పెడతాం అని. మధ్యాహ్నానికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ క్వారంటైన్ గుంపుల్లోవాళ్లే. ఒకడు ఆదివారం నుంచి జ్వరం బిళ్లలు మింగుతున్నాడట. మంగళవారం టెస్టు నెగటివ్ వచ్చింది కదా అని ఊరుకున్నాడు. ఇవాళ మళ్లీ చేస్తే వాడికీ, వాడి పక్క మంచం వాడికీ పాజిటివ్. మూడోవాడికి నెగటివ్, వాణ్ణి అనుమానం గదిలో ఒక్కణ్ణే ఉంచాం. ఎల్లుండి మళ్లీ టెస్టు.

ఇద్దరూ ఒకే గుంపు. కాబట్టి ఆ గుంపులో మిగిలిన నలుగురికే లెక్క మళ్లీ మొదలైంది. గుంపులు చేసి ఉండకపోతే ఈ రాత్రి 24 మందికి లెక్క తిరగేయాల్సి వచ్చేది.

పిల్లల డాక్టర్ | బుధవారం, రాత్రి 9:25

లక్షణాలున్న పిల్లాడికి ఒక్క యాంటీజెన్ నెగటివ్ అంటే ఏమీ తేలనట్టే. 48 గంటల తర్వాత మళ్లీ చేయాలి. లక్షణాలు లేకుండా కలిసినవాళ్లకైతే 48 గంటల తేడాలతో మూడు. మీరు ఎల్లుండికి పెట్టుకున్నది సరిగ్గా ఉంది.

ఆటల సార్ | గురువారం, ఉదయం 5:50

గాలి గురించి నా అనుభవం. మా హాస్టల్‌కి ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాం. బయట గాలిలో దాదాపు 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420) ఉంటుంది. గదిలో 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. రాత్రి పది గంటలకు డార్మిటరీలో 700 ఉండేది. చలని, దోమలని పిల్లలు కిటికీలు మూసేవారు. తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే 2,600. పగలంతా శానిటైజర్లు రాసి, మాస్కులు పెట్టించి, రాత్రి మొత్తం ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తున్నారన్న మాట.

కిటికీలకు దోమల జాలీ బిగించి ఎదురెదురు కిటికీలు కొంచెం తెరిచే ఉంచాం. అదనంగా దుప్పట్లు ఇచ్చాం. మంచాలు ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా తిప్పాం. తలల మధ్య ఆరడుగుల దూరం వచ్చింది, ఒక్క మంచం కూడా తీయకుండానే. పాజిటివ్ గదిలో అయితే కిటికీలో ఫ్యాను బయటి వైపుకు తిప్పి పెట్టండి, లోపలి గాలి వరండాలోకి రాకుండా బయటికి పోతుంది. డబ్బు ఉంటే గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ మెషీన్లు పెట్టొచ్చు. లేకపోతే పెట్టె ఆకారం ఫ్యానుకు సన్నటి కణాల్ని పట్టే మెర్వ్-13 రకం ఫిల్టర్లు చుట్టూ కట్టి చేసుకునే పద్ధతి 2020 నుంచి చాలా స్కూళ్లలో వాడారు.

ఆటలు ఆపకండి. గుంపు గుంపుకీ వేరే టైములో, ఆరుబయట. కానీ కోవిడ్ వచ్చి తగ్గిన పిల్లాణ్ణి నేరుగా పరుగుపందెంలోకి దించకండి. లక్షణాలు పూర్తిగా పోయాక ముందు నడక, తర్వాత మెల్లగా పరుగు, అలా వారం రోజుల్లో పెంచాలి. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించాలి.

కొత్త వార్డెన్ | శుక్రవారం, రాత్రి 9:10

అనుమానం గదిలో ఉన్న పిల్లాడికి రెండోసారీ నెగటివ్. మామూలు జలుబే. పాజిటివ్ గదిలో కలపనందుకు నర్సు గారికి చేతులెత్తి మొక్కుతున్నాను.

బుధవారం లెక్క మళ్లీ మొదలైన గుంపులో ఒకరికి ఇవాళ పాజిటివ్. మెస్‌లో గిన్నెలు కడిగే ఆయన దగ్గు వస్తోందని తనే వచ్చి చెప్పాడు. ఆయనకీ పాజిటివ్. జీతంతో సెలవు ఇస్తామని ప్రిన్సిపాల్ గారు గురువారమే సంతకం చేశారు. ఆయన వడ్డించలేదు, పిల్లలతో కలిసింది లేదు. మొత్తం ఏడుగురు పిల్లలు, ఒక సిబ్బంది. మిగతా ఏడు డార్మిటరీల్లో ఇప్పటిదాకా ఎవరికీ లేదు.

ఒక తండ్రి వచ్చి కూతుర్ని తీసుకెళ్లాడు. ఇంకొకాయన వచ్చి, గది చూసి, కొడుకుతో కిటికీ దగ్గర గంటసేపు మాట్లాడి, ఇక్కడే ఉండనీండి అని వెళ్లిపోయాడు.

కొత్త వార్డెన్ | ఆ తర్వాతి వారం ఆదివారం, సాయంత్రం 5:30

నిన్న చివరి పిల్లాడు గదిలోంచి బయటికి వచ్చాడు. మొదటి నలుగురిలో ముగ్గురు ఏడో రోజుకి రెండు నెగటివ్‌లతో వచ్చేశారు. ఒకడికి మాత్రం తొమ్మిదో రోజు దాకా పాజిటివ్ చూపిస్తూనే ఉంది, వాడు పది రోజులూ ఉన్నాడు. శుక్రవారం పాజిటివ్ వచ్చిన పిల్లాడు చివరి రెండు రోజులు ఒక్కడే మిగిలాడు. అది నాకు చాలా కష్టంగా అనిపించింది. మా లెక్కల సార్ ఒకరు కిటికీ అవతల కుర్చీ వేసుకుని, రెండు వైపులా రెండు చదరంగం బల్లలు పెట్టుకుని, ఎత్తులు పైకి చెబుతూ ఆడారు. పిల్లాడు రెండు ఆటలు గెలిచాడట. బయటికి రాగానే అందరికీ చెప్పిన మొదటి మాట అదే.

డార్మిటరీలోకి వెళ్లినప్పుడు వాళ్ల మంచాల పక్క మంచాలు ఖాళీగా లేవు. ముందే మాట్లాడి పెట్టాం.

ఇంకా నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

పిల్లల డాక్టర్ | ఆదివారం, రాత్రి 8:00

ఒకటుంది. చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి. కోవిడ్ వచ్చిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత కొందరు పిల్లల్లో ఎంఐఎస్-సి అనే, ఒంట్లో చాలా అవయవాలకు వాపు తెచ్చే పరిస్థితి రావచ్చు. తగ్గని జ్వరం, కడుపునొప్పి, వాంతులు లేదా విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం, బాగా నీరసం. కోవిడ్ తేలిగ్గా వచ్చి పోయినవాళ్లకు కూడా రావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్చాలి, ఆ పిల్లాడికి ఫలానా తేదీన కోవిడ్ వచ్చిందని అక్కడి డాక్టర్‌కి చెప్పాలి. ఆ తేదీ తెలియకపోతే వాళ్లు వేరే జబ్బుల వైపు వెతుకుతూ ఉంటారు.

రాత్రి డ్యూటీ నర్సు | ఆదివారం, రాత్రి 8:20

రిజిస్టర్‌లో ఏడుగురి పేర్ల ఎదురుగా లక్షణాలు మొదలైన తేదీ, ఆరు వారాలు పూర్తయ్యే తేదీ రెండూ ఇప్పుడే రాసేయండి సార్. మధ్యలో సెలవులు వస్తే తల్లిదండ్రుల చేతికి అదే తేదీలతో ఒక చీటీ ఇవ్వండి. ఇంటికి తీసుకెళ్లిన అమ్మాయికి కూడా ఫోన్ చేసి, అక్కడ టెస్టు చేయించారేమో, పాజిటివ్ వచ్చిందేమో అడగండి. వస్తే ఆమె పేరూ ఆ లెక్కలో ఉండాలి.

కొత్త వార్డెన్ | ఆదివారం, రాత్రి 8:35

ఆ అమ్మాయి నాన్నగారికి ఇప్పుడే చేశాను. ఐదో రోజు టెస్టు చేయించారట, నెగటివ్. రేపు తిరిగి దించుతానన్నారు. రిజిస్టర్ నా ముందే ఉంది, తేదీలు రాస్తున్నాను.